అడిగినవాడి విస్తరి

మా వాళ్ళలో పెళ్ళి జరిగినా, తద్దినం జరిగినా మొదటి విస్తరి ముందు ఎవరూ కూర్చోరు. విస్తరి మాత్రం వేస్తారు. అన్నం, ముద్దపప్పు, గుమ్మడికాయ పులుసు, బూరెలు అన్నీ వడ్డిస్తారు. నెయ్యి మిగతావాళ్ళ కంటే ఒక చెంచా ఎక్కువే పడుతుంది. దాని పేరు అడిగినవాడి విస్తరి. బంతి లేచాక దాన్ని అలాగే తీసుకెళ్ళి ఆవుకు పెడతారు.

చిన్నప్పుడు నా కన్నంతా ఆ బూరెల మీదే ఉండేది. ఎవరూ తిననప్పుడు నేను తింటే తప్పేమిటని ఒకసారి చెయ్యి పెట్టబోతే అమ్మ ఒక్కటి వేసింది.

"అది అడిగినోడిది. నువ్వేం అడిగావని తింటావే?"

ఆ అడిగినవాడి కథ మాకు ఉగ్గుపాలతో రంగరించి పోస్తారు. పల్నాటి రాళ్ళ మధ్య తెల్లబాడు అనే ఊరు, ఊరి వెనక ఊపిరికొండ. పద్నాలుగు వందల ఏళ్ళ కిందట ఊళ్ళకు ఊళ్ళు ఊపిరాడక రాలిపోతున్న రోగకాలంలో ఊపిరయ్య అనే గురువు ఆ కొండ గుహలో కూర్చుని, నా ఊపిరి మీకిస్తాను, గోడ కట్టెయ్యండి అన్నాడట. కట్టేశారు. రోగం ఆగింది. ఒక శిష్యుడికి మాత్రం అనుమానం వచ్చింది. లోపల అయ్య ఉన్నాడా, లేడా? జవాబు వచ్చేదాకా కొండ దిగనని గోడ ముందు కూర్చున్నాడు. చివరికి గోడకు చెవి ఆనిస్తే లోపల ఊపిరి వినిపించింది. ఉన్నాడని నమ్మి, గోడకు చారెడు సున్నం పూసి కొండ దిగాడు. సున్నపు బట్టీల మీద బతికే మా జనమంతా ఆ శిష్యుడి సంతానమే అంటారు. ఒకవేళ ఆ ఊపిరి వినిపించకపోయి ఉంటే ఏమయ్యేది? ఆ మాట కథలో లేదు.

అనుమానించినవాణ్ణి పిలిచి నెయ్యి వేసి భోజనం పెట్టేది మావాళ్ళేనని హాస్టల్లో నేను గొప్పలు చెప్పుకునేదాన్ని. ఇప్పుడు ఆ గొప్పలు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

నా తమ్ముడు చంద్రమౌళి కాలేజీలో చరిత్ర చెబుతాడు. నోరు ఊరుకోని మనిషి. పోయిన ఏడాది ఒక ఆదివారం పత్రికలో 'ఊపిరయ్య ఉన్నాడా?' అని వ్యాసం రాశాడు. ఊపిరయ్య పేరు ఏ శాసనంలోనూ లేదు. ఆయన కాలం దాటిన ఐదు వందల ఏళ్ళకు గానీ ఏ తాటాకులోనూ కనిపించదు. ఆయన చేశాడంటున్న మహిమలన్నీ అంతకుముందు వేరే గురువులకు అంటగట్టినవే. కాబట్టి ఆయన మనిషి కాదు, మన భయంలోంచి పుట్టిన పేరు మాత్రమే అని తేల్చేశాడు.

ఇంటి మీద రాళ్ళు పడతాయని నేను హైదరాబాదులో కూర్చుని హడలిపోయాను. ఒక్క రాయీ పడలేదు. ఫోన్లు మాత్రం వచ్చాయట. అందరూ మర్యాదగా, "అడిగావంట గదయ్యా, సంతోషం" అని పెట్టేశారట. ఒకాయన నెయ్యి డబ్బా పంపించాడు. పీఠం నడిపే సదానందయ్యగారు స్వయంగా వాడి ఇంటికి వచ్చి, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, జాతరకు రమ్మని బొట్టు పెట్టి మరీ పిలిచి వెళ్ళారు.

"చూశావా, ఎంత విశాల హృదయమో" అన్నాడు మౌళి ఫోన్లో.

"నీ మొహం. అరిచే కుక్క కరవదంటారు గానీ, అరవని కుక్క సంగతి ఎవరూ చెప్పరు" అన్నాను. వాడు నవ్వాడు. నేనూ నవ్వాను.

అమ్మ మాత్రం ఆ రోజుల్లో వింతగా ఉండేది. మౌళి అన్నం తింటుంటే పక్కన కూర్చుని వాడినే చూసేదట. "అంతా మా అన్న పోలికే. ఆ అడగడం, ఆ ముక్కు" అనేది. అమ్మ వాళ్ళ అన్న పున్నయ్య మామయ్య బడిపంతులు. ఉబ్బసం మనిషి. ఊపిరాడనప్పుడు ఎండిన ఉమ్మెత్తాకు చుట్టలా చుట్టి ఆ పొగ పీల్చేవాడని అమ్మ కథలు కథలుగా చెప్పేది. నేను పుట్టకముందే కాశీ వెళ్ళిపోయి తిరిగి రాలేదు.

ఇక నా యంత్రం సంగతి. పచ్చి సున్నం ఊపిరి పీల్చి రాయి అవుతుంది. ఇది మా బట్టీల్లో పసిపిల్లలకీ తెలుసు. గాలి తగలని సున్నం గట్టిపడదు. ఆ గాలిలో మనిషి వదిలిన ఊపిరి ఉంటే, అదీ రాయిలో బందీ అయిపోతుంది. ఏ మనిషి తిన్న తిండి, తాగిన నీళ్ళు ఆ మనిషి ఊపిరికి ఒక గుర్తునిస్తాయి. పాత గోడల్లోంచి ఆ గుర్తుల్ని రేణువు రేణువుగా ఒలిచి చదివే యంత్రం మా ప్రయోగశాలలో చేశాం. పెద్ద పేరు ఒకటి పెట్టాం గానీ మేం పిలిచేది ఊపిరి మిషన్ అనే.

మొదటి పరీక్షకు నా సహాయకురాలు జహీరానే పెట్టాను. పెరట్లో చిన్న గది కట్టించి, లోపల పచ్చి సున్నం పూయించి, ఒక నవల చేతికిచ్చి తలుపు వేశాం. గాలికి సన్నటి కంత ఉంచాం లెండి. సున్నం ఆరాక ముక్క తీసి మిషన్లో పెడితే, ఒక్కరే, ఆడమనిషి, చాలాసేపు నిదానంగా ఉంది, నడుమ ఒకచోట ఊపిరి తెగి తెగి పడింది అని చూపించింది.

"నడుమ ఏడ్చావా?" అని అడిగాను.

జహీరా మొహం ఎర్రబడింది. "ఆ ముసలాయన చచ్చిపోయాడు మేడమ్. నవల్లో."

అప్పుడు మేమిద్దరం పడీపడీ నవ్వాం. గోడలు ఏడుపు కూడా దాచిపెడతాయని తెలిసిన రోజు అంత నవ్వాల్సింది కాదు.

సంగతి విన్న మౌళి ఎగిరి గంతేశాడు. ఊపిరయ్య ఉన్నాడో లేదో ఆ గోడనే అడుగుదామన్నాడు. గుహలో మనిషి కూర్చుని ఉండగా గోడ కట్టి ఉంటే, దాని లోపలి ముఖాన ఆ మనిషి ఊపిరి ఉండి తీరాలి. లేకపోతే ఉత్త గుహ గాలి ఉంటుంది. సదానందయ్యగారు ఒప్పుకోరనుకున్నాను. ఆయన ఒప్పుకోవడమే కాదు, గోడకు చిల్లు వేసే చోట పసుపు రాసి చూపించారు.

సన్నటి మనిషి ఆయన. కళ్ళజోడు దారంతో మెడలో వేలాడుతుంటుంది. గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"పూర్వం గోడ తీసి చూపించేవోళ్ళం తల్లీ. ఇప్పుడు మిషను ఉందంటన్నావు గదా, ఇంకా మంచిది" అన్నారు.

ఏటా జాతరకు ఇంటింటి నుంచి సున్నం తెచ్చి ఆ గోడకు బయటి వైపు కొత్త పూత వేస్తారు. గోడకు కోక కట్టడం అంటారు దాన్ని. అలా ఎన్ని కోకలు కట్టారో, మా బరమా లోపలిదాకా తొలుచుకెళ్ళి వేలు మందాన తీసుకొచ్చిన సున్నపు కడ్డీ మడతకాజాలా పొరలు పొరలుగా ఉంది. దాన్ని దూదిలో చుట్టి పెట్టెలో పెడుతుంటే సదానందయ్యగారు మౌళి భుజం మీద చెయ్యి వేశారు.

"అడిగినోడు జవాబు వచ్చేదాకా కొండ దిగకూడదయ్యా. మన ఆచారం. ఉన్నాడని తేలిందా, చారెడు సున్నం పూసి దిగిపోదువు."

"లేడని తేలితే?" అన్నాడు మౌళి.

"అప్పుడు చూద్దాంలే" అన్నారాయన, పిల్లవాడికి సర్దిచెప్పినట్టు.

మౌళికి కాలేజీ సెలవులు. కొండమీద నెయ్యి అన్నం. వాడు సరేనన్నాడు. పైగా పాత ఆచారాలు దగ్గరుండి చూడొచ్చని సంబరపడ్డాడు. అమ్మ కూడా వాడితో పాటు కొండమీదే ఉండిపోయింది. నేను కడ్డీ పట్టుకుని హైదరాబాదు వచ్చేశాను. ఎవరికి వాళ్ళం ఒక జవాబు కోసం ఎదురుచూస్తూ, అందరం సంతోషంగానే ఉన్నాం.

కడ్డీలో మాకు కావలసింది మొదటి గోడ. బయటి వైపు కోకలన్నీ తీసి పక్కన పెట్టాను. లోపలి వైపు కూడా పల్చటి పూతలు కొన్ని కనిపించాయి. నునుపు కోసం వేసిన గచ్చు అనుకుని వాటినీ పక్కన పెట్టాను. సున్నపు బట్టీల ఇంట్లో పుట్టినదాన్ని. గోడకు నునుపు ఎక్కడ చేస్తారో, ఎక్కడ చేయరో నాకు తెలియాలి. సమాధి లోపలి వైపు నునుపు ఎవరు చూడాలని చేస్తారు? ఆ ప్రశ్న నాకు రాలేదు.

జాతర రోజు పొద్దున్నే మిషన్ జవాబు చెప్పింది. మొదటి గోడలో మనిషి ఊపిరి లేదు. గబ్బిలాల కంపు, తేమ, గుహ గాలి, అంతే. ఎవరూ లేని గుహకు గోడ కట్టారు. పద్నాలుగు వందల ఏళ్ళుగా ఒక ఖాళీ గదికి కోకలు కట్టుకుంటూ వచ్చాం.

నాకు ఏడుపొచ్చింది. చదువుకున్నదాన్ని, దేవుడి పటానికి దణ్ణం పెట్టడం ఎప్పుడో మానేసినదాన్ని. అయినా ఊపిరయ్య అక్కడ ఉంటే బాగుండుననే అనుకున్నానని అప్పుడే తెలిసింది. చిన్నప్పుడు జ్వరం వస్తే అమ్మ నా ఛాతీ మీద సున్నపు బొట్టు పెట్టి, "అయ్య నీ కోసం ఊపిరి పీలస్తన్నాడు, పడుకో" అనేది. ఆ మాటకు నేను నిద్రపోయేదాన్ని.

వెంటనే మౌళికి ఫోన్ చేశాను. అది నేను చేసిన అసలు తప్పు. పని మొత్తం అయ్యేదాకా ఆగాలి కదా. తమ్ముడు గెలిచాడని ఆగలేకపోయాను.

"నువ్వే గెలిచావురా. ఎవరూ లేరు."

వెనకాల డప్పులు మోగుతున్నాయి. "నాకూ ఎందుకో బాధగానే ఉందక్కా" అన్నాడు. తర్వాత గొంతు సర్దుకుని, "ఇక్కడ పెద్దాయన అడుగుతున్నారు. చెప్పెయ్యనా?" అన్నాడు.

"చెప్పు. నిజమే కదా" అన్నాను.

ఫోన్ పెట్టేసి టీ తాగుతున్నాను. జహీరాకు ఏదీ సగంలో వదిలే అలవాటు లేదు. నేను పక్కన పడేసిన లోపలి పూతల్ని మిషన్లో పెట్టి కూర్చుంది.

"మేడమ్, ఇది చూడండి" అంది. ఆ గొంతు విని కప్పు కింద పెట్టేశాను.

లోపలి పూతలు గోడతో పాటు వేసినవి కావు. ఒక్కొక్కటీ ఒక్కో కాలంలో వేసింది. రెండు పూతల మధ్య వందల ఏళ్ళ తేడా ఉంది. ప్రతి పూతలోనూ ఊపిరి ఉంది. ఒక్కో పూతలో ఒక్కో మనిషి. ఒకరు జొన్నలు తిన్నవారు, ఒకరు వరి తిన్నవారు, ఒకరు ఆడమనిషి. మొదట అందరి ఊపిరీ నిదానంగానే ఉంది. ఎవరో పక్కన కూర్చుని కబుర్లు చెబుతున్నంత నిదానంగా. తర్వాత తొందరపడింది. తర్వాత జహీరా నవల చదివిన రోజులా తెగి తెగి పడింది. తర్వాత పల్చబడింది. తర్వాత లేదు.

ఐదుగురు.

"గోడ మళ్ళీ మళ్ళీ తీశారు మేడమ్. లోపల కొత్త సున్నం పూసి, మనిషిని పెట్టి, మూసేశారు" అంది జహీరా.

అన్నిటికంటే లోపలి పూత కొత్తది. అణుబాంబు పరీక్షల తర్వాత ప్రపంచమంతటా గాలిలో కలిసిన గుర్తు అందులో ఉంది. అంటే మా అమ్మ పుట్టాక వేసిందే. ఆ ఊపిరి మొదటినుంచీ పొట్టిగా, ఈల వేసినట్టు ఈడుస్తూ ఉంది. అందులో ఒక పొగ జాడ కూడా ఉంది. ఏ ఆకు పొగో మిషన్ పేరు చూపించింది.

ఉమ్మెత్త.

మా వాళ్ళలో ఉమ్మెత్తాకు పొగ పీల్చే ఉబ్బసం మనిషి ఒక్కడే నాకు తెలుసు. మామయ్య కాశీ వెళ్ళలేదు.

మౌళికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ మళ్ళీ చేస్తే అమ్మ ఎత్తింది.

"తమ్ముడు కూచున్నాడమ్మాయ్, మొదటి విస్తరి ముందర. మంచిగా తింటన్నాడు. బూరెలు మళ్ళా అడిగి ఏయించుకున్నాడు."

ఆ విస్తరి ముందు మనిషి కూర్చోవడం నా జన్మలో వినలేదు.

"అమ్మా, మామయ్య ఆ గోడలో ఉన్నాడు."

"ఉండాడు" అంది అమ్మ. "నీకు తెలవదా? నేనే గదా వడ్డించింది. అప్పటికి నాకింకా పెళ్ళి కాలేదు. కాశీ అనేది బయటోళ్ళకి చెప్పే మాట."

అమ్మ నెమ్మదిగా, పాత వంట గుర్తు చేసుకున్నట్టు చెప్పుకుపోయింది.

"ఆయనా అడిగాడు. గోడ తీసి చూస్తే లేడని తేలింది. పెద్దోళ్ళు, నువ్వే ఉండాలి నాయనా అన్నారు. ఏటా కోక కట్టేటప్పుడు నేను ఆ గోడకి చెవి ఆనిస్తా. అందరికీ అయ్య ఊపిరి ఇనపడద్ది. నాకు మా అన్న ఉబ్బసం ఇనపడద్ది."

"అమ్మా, తమ్ముడు చచ్చిపోతాడు."

"చావడం ఏందే. ఉంటాడు." అప్పటికి గానీ ఆ గొంతు పగల్లేదు. "నాది మాత్రం కడుపు కాదా?"

ఫోన్ పెట్టేసింది.

పోలీసులకు చెప్పాను. జాతర బందోబస్తులో ఉన్నవాళ్ళను అడిగి మళ్ళీ నాకే చెప్పారు. ఆ సారు మెడలో దండతో నవ్వుతూ తన కాళ్ళతోనే కొండ ఎక్కుతున్నాడట. ఎవరూ బలవంతం చేయడం లేదట. జహీరా కారు తీసింది. దారంతా నేను మౌళికి ఫోన్ చేస్తూనే ఉన్నాను. నల్గొండ దాటాక ఒక్కసారి కలిసింది.

"వీళ్ళ ఆచారం అక్కా, అద్భుతం" అన్నాడు. మాట కొంచెం మత్తుగా ఉంది, విస్తరిలో ఏం కలిపారో. "అడిగినవాణ్ణి లోపల కూర్చోబెట్టి గోడకు కోక కడతారట. సాయంత్రం పక్కనుంచి తీసేస్తారట. కుర్రాళ్ళంతా అదే చెబుతున్నారు. ఇలాంటిది కళ్ళారా చూసే అదృష్టం ఏ చరిత్రకారుడికి దొరుకుతుంది?"

"మౌళీ, లోపలికి వెళ్ళకు. అందులో ఐదుగురు..."

డప్పుల్లో నా మాట వాడికి వినిపించలేదు. తర్వాత ఫోన్ మోగలేదు. వాడి దృష్టిలో అది ఆచారం. రాసుకోవడానికి పనికొచ్చేది. పుస్తకాల్లో చచ్చిపోయిన ఆచారాలనే చదివిన మనిషికి, బతికున్న ఆచారం ఎలా ఉంటుందో తెలియలేదు.

తెల్లబాడు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. కొండ దిగువన గానుగలో ఎద్దు తిరుగుతోంది. రాతి చక్రం కింద డంగు సున్నం నలుగుతోంది. కరక్కాయ నీళ్ళు, బెల్లం వాసన. చిన్నప్పుడు నాకు ప్రాణమైన వాసన అది. ఆడవాళ్ళు తట్టలు నెత్తిన పెట్టుకుని పాడుకుంటూ ఎక్కుతున్నారు. ఎవరి మొహంలోనూ పాపం లేదు. పడుచువాళ్ళ మొహంలో వేడుక ఉంది. ముసలివాళ్ళు మాత్రం నన్ను చూసి తలలు దించుకున్నారు.

గుహ ముందు గోడకు మనిషి పట్టేంత కంత తీసి ఉంది. సగం దాకా మళ్ళీ రాళ్ళు పేర్చేశారు. లోపల పాత ఎముకల జాడ కూడా లేదు, ముందే ఎత్తేసి ఉంటారు. తెల్లగా, తడిగా, నున్నగా పూసిన సున్నం. దాని మధ్య పీట మీద నా తమ్ముడు. మెడలో బంతిపూల దండ, ఒళ్ళో ఫోన్. కళ్ళు సగం మూతలు పడుతున్నాయి.

"వచ్చావా అక్కా. ఒక ఫొటో తియ్యి" అన్నాడు.

"బయటికి రా."

"సాయంత్రం దాకానే కదా. వాళ్ళను నొప్పించడం ఎందుకు?"

చెయ్యి పట్టి లాగబోయాను. నలుగురు పెద్దలు మధ్యలోకి వచ్చారు, మర్యాదగానే. సదానందయ్యగారు కళ్ళజోడు తుడుచుకుంటూ నా పక్కకు వచ్చారు.

"ఇంతమంది ఆయన్ని నమ్ముకుని ఊపిరి తీస్తన్నారు తల్లీ. లేడని తేలితే ఏం చేస్తాం? ఉంచాలి గదా" అన్నారు, నాకొక్కదానికే వినపడేటట్టు.

"ఇది హత్య."

"నీ మిషను లేడంది. మేం లేడని ఎప్పుడన్నా అన్నామా?"

వెనక్కి తిరిగి చూశాను. కొండ కిందిదాకా జనం. హత్య అని అరిస్తే ఏమవుతుంది? పడుచువాళ్ళకు అర్థమయ్యేలోపు ముసలివాళ్ళు ఆ కంత మూసేస్తారు. చేతుల్లో రాళ్ళు, తట్టల్లో సున్నం సిద్ధంగా ఉన్నాయి. వాళ్ళను ఆపగలిగేది ఒక్కటే ఉంది. అది వాళ్ళ ఆచారంలోనే ఉంది. ఉన్నాడని తేలితే అడిగినవాడు చారెడు సున్నం పూసి దిగిపోతాడు.

నేను గోడ ముందున్న రాతి అరుగు ఎక్కాను. డప్పులు ఆపమన్నాను.

"పొద్దున చెప్పింది తప్పు" అన్నాను. "పని సగంలో ఉండగా చెప్పాను. ఇప్పుడు పూర్తయింది. గోడలో ఊపిరి ఉంది. పాత ఊపిరి. చివరిదాకా నిదానంగా తీసిన ఊపిరి. ఊపిరయ్య ఉన్నాడు."

ఆడవాళ్ళు బావురుమన్నారు. ఒక ముసలాయన నా కాళ్ళ మీద పడ్డాడు. నేను చదివిన చదువంతా, కట్టిన మిషనంతా ఆ ఒక్క అబద్ధానికి సాక్షి సంతకం పెట్టేసింది. ఇక ఎవడు ఎన్ని పుస్తకాలు రాసినా ఊపిరయ్య ఉన్నట్టే.

సదానందయ్యగారు నన్నే చూస్తున్నారు. కళ్ళజోడు పెట్టుకున్నారు.

"ఒకటేనా తల్లీ?" అని అడిగారు.

ఆయనకు లెక్క తెలుసు. నాకు తెలుసని కూడా తెలుసు. లోపల పీట మీద మౌళి తల ఒక పక్కకు వాలిపోతోంది.

"ఒకటే" అన్నాను.

"అయితే సరే" అని పెద్దలవైపు చూసి తల ఊపారు. రాళ్ళు తీశారు. నేనూ జహీరా చెరో రెక్క పట్టి మౌళిని బయటికి తెచ్చాం. వాడి చేతిలో ఎవరో చారెడు సున్నం పెట్టారు. వాడు దాన్ని గోడకు రాసి నావైపు చూశాడు. మత్తులో కూడా ఆ చూపు సూటిగా ఉంది.

"పొద్దున లేడన్నావు కదక్కా."

"తప్పు చెప్పాను. కొండ దిగు."

జహీరా వాణ్ణి మెట్లవైపు నడిపించింది. అరుగు మీద కూలబడి, బతికాడు, బతికాడు అనుకుంటూ ఉన్నాను. అబద్ధం చెప్పానన్న బాధ కూడా లేదు. ఆ నిమిషంలో నాకున్నదంతా సంతోషమే.

అప్పుడు అమ్మ వచ్చింది.

జనం పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. అమ్మ నా దగ్గరికి రాలేదు. కొడుకు వెళ్ళిన వైపూ చూడలేదు. నేరుగా గోడ దగ్గరికి వెళ్ళి తడి సున్నానికి చెవి ఆనించింది. చాలాసేపు అలాగే ఉంది. చెంపకు సున్నం అంటుకుంది.

"ఒకటేనంటన్నావు" అంది, నావైపు తిరక్కుండానే.

"అమ్మా, ఇంటికి పోదాం."

"ఆ ఒకటీ ఊపిరయ్యదైతే, మరి మా అన్న ఏడే?"

ఏం చెప్పను? ఉన్నాడంటే ఒకటి కాదు. ఒకటి కాదంటే ఊపిరయ్య లేడు. మౌళి ఇంకా సగం మెట్ల దగ్గరే ఉన్నాడు. వాడి మెడలో దండ ఇక్కడికి కనిపిస్తూనే ఉంది.

"ఇన్నాళ్ళు ఈ గోడలో ఉండాడనే గదా నేను బతికింది" అంది అమ్మ. "నా చేత్తో నేను వడ్డించి పంపిచ్చిన మనిషి. అయ్యలో కలిశాడన్నారు. కలవలేదా? ఊరకనే పోయాడా?" ఇప్పుడు సదానందయ్యగారి వైపు తిరిగింది. జన్మలో ఎవరి ముందూ గొంతెత్తని మా అమ్మ అంతమంది ముందు గొంతెత్తింది. "చెప్పండయ్యగారూ. మా అన్న పున్నయ్య ఇందులో ఉండాడా, లేడా?"

ముసలివాళ్ళందరూ ఒక్కసారిగా నేల చూశారు. పడుచువాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సదానందయ్యగారు మాత్రం నవ్వారు. గోడకు పసుపు రాసి నాకు చోటు చూపించినప్పటి నవ్వే అది.

"అడిగినందుకు సంతోషం సామ్రాజ్యమ్మా" అన్నారు.

ఎవరో ఒక విస్తరి తెచ్చి గోడ ముందు పరిచారు. నేను వెళ్ళి అమ్మ భుజం పట్టుకున్నాను. అమ్మ నా చెయ్యి తీసేసింది. కొంగు నడుముకు దోపుకుని, పెళ్ళి బంతిలో కూర్చున్నట్టు ఆ విస్తరి ముందు కూర్చుంది. ఆకు మీద నీళ్ళు చల్లుకుంది.

"జవాబు నువ్వే తేవాల తల్లీ" అన్నారు సదానందయ్యగారు నాతో. "మిషను నీ దగ్గరే ఉంది గదా."

తీసిన కంత అలాగే ఉంది. పూసిన సున్నం ఇంకా ఆరలేదు.

"ఆదరాబాదరా చెప్పబాక ఈసారి" అంది అమ్మ, విస్తరి మీద చూపు తిప్పకుండా. "నిదానంగా చూసి, ఉన్నది చెప్పు. నేనెక్కడికీ పోను."